గోడౌన్ ఆస్పత్రి కాశీబండి

అబద్ధాలు చెప్పినందుకు నెలజీతం తీసుకున్న మనిషి రాజపాళయంలో ఒక్కడే ఉండేవాడు. వకీళ్లను ఈ లెక్కలోకి తేవద్దు, వాళ్లది కేసుకింత. చెల్లప్పది మాత్రం నెలనెలా చేతికందే జీతం, దీపావళికి ఒక పంచె అదనం.

చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. బడి అతన్ని వదిలిందా, అతను బడిని వదిలాడా అంటే, జవాబు అడిగినవాణ్ణి బట్టి మారేది. తన లెక్కలకు భయపడి వాద్యారు రాత్రికి రాత్రి శంకరన్‌కోవిల్ పారిపోయాడని ఒకరికి చెప్పేవాడు. తను కూచున్న బల్లను ఒక దొర ముచ్చటపడి లండన్‌కు తీసుకుపోయాడని, నిలబడి చదవడం తన వంశంలో లేదని ఇంకొకరికి చెప్పేవాడు. పన్నెండేళ్లకే జిన్నింగు ఫ్యాక్టరీలో దూది మూటల కింద వీపు పెట్టాడన్నది నిజం. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

1953లో ఆ ఫ్యాక్టరీవాళ్ల పాత గోడౌన్‌ను డాక్టర్ వేంకటసుబ్రహ్మణ్య రాజా అద్దెకు తీసుకుని కంటి ఆస్పత్రి పెట్టాడు. అంతకుముందు కంట్లో పొర కమ్మితే మదురై పోవాలి. అంత దూరం పోలేనివాళ్లు సంతకు వచ్చే సూది వైద్యుడి ముందు కూచునేవారు. ఆ సూది పొడిచాక నాలుగు రోజులు లోకమంతా వెన్నెలగా కనిపించేది, ఐదో రోజు నుంచి చచ్చేదాకా అమావాస్యే. డాక్టరు పన్నెండు మంచాలు వేయించి గోడలకు సున్నం కొట్టించాడు కానీ, దూలాల మీద పాతికేళ్ల దూది అలాగే ఉండిపోయింది. గాలి వీస్తే పేషెంట్ల మీద రాలేది. పైకెక్కి దులిపినవాడు చెల్లప్ప. మూడు మూటల దూది దిగిందని, డాక్టరయ్య పెళ్లిపరుపు ఆ దూదిదేనని చెప్పేవాడు. డాక్టరుకు అప్పటికే పెళ్లయి ముగ్గురు పిల్లలు. ఊళ్లో అందరూ దాన్ని గోడౌన్ ఆస్పత్రి అనే పిలిచారు. బయట రాసిన పేరు ఎవరికీ పట్టలేదు.

ఆ కాలంలో పొర తీయడం కంటే తీసిన తరువాత కన్ను నిలబెట్టడం కష్టం. కోసినచోట కుట్టు వేయడం ఇక్కడికింకా రాలేదు. రెండు కళ్లకూ కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తలకు అటొకటి ఇటొకటి ఇసుకమూట పెట్టేవారు. తొమ్మిది దినాలు అంతే. దగ్గకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు, నమలకూడదు, పక్కకు తిరగకూడదు. పలచని గంజి నోట్లో పోస్తే మింగాలి. "బీటలు పడిన గుడ్డు మాదిరి అనుకో. అతుక్కునేదాకా కదిలిస్తే సొన కారిపోతుంది," అనేవాడు డాక్టరు. ఏరు నుంచి ఇసుక తెచ్చి, ఏడుసార్లు కడిగి, వేయించి, సత్రపట్టిలో గాయాల కట్లకని నేసే కట్టుబట్టలో కుట్టేది చెల్లప్పే.

పన్నెండు మంది పెద్దవాళ్లను తొమ్మిది దినాలు శవాల్లా పడుకోబెట్టడం ఎలా? నర్సు కసిరింది, డాక్టరు భయపెట్టాడు. చెల్లప్ప కథ ఎత్తుకున్నాడు. మొదటిది రాజపాళయం కుక్క కథ. ఆ కుక్క తెన్‌కాశి దాకా కుందేలును తరిమి, అలిసిపోయి, టికెట్టు కొనుక్కుని రైల్లో తిరిగి వచ్చింది. దాని నీడ మాత్రం మరునాడు నడిచి వచ్చింది. నాలుగో మంచం మీది ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. డాక్టరు గదిలో నుంచి పరుగెత్తుకు వచ్చాడు.

"చెల్లప్పా, నేను లోపల కోసిందంతా నువ్వు బయట నవ్వించి పాడు చేస్తావా?"

"చెప్పొద్దా అయ్యా?"

"చెప్పు. నవ్వు రాకూడదు. ఏడుపూ రాకూడదు."

ఆ పైన చెల్లప్ప కథల్లో పెళ్లి లేదు, నవ్వుతారు. చావు లేదు, ఏడుస్తారు. విందు లేదు, నోరు ఊరి దవడ ఆడుతుంది. ఇవి మూడూ తీసేస్తే కథలో మిగిలేది దారి ఒక్కటే. అందుకని ఒక ఎద్దులబండి కట్టాడు. అది రాజపాళయంలో బయలుదేరి కాశీకి పోతుంది. దారిలో ప్రతి ఊరూ, ప్రతి మైలురాయీ, ప్రతి చింతచెట్టూ చెబుతాడు. ఎద్దులు నీళ్లు తాగుతాయి, చక్రానికి కందెన వేస్తారు, మళ్లీ కదులుతుంది. తొమ్మిది దినాలకు బండి మదురైకి ఇవతలి తిరుమంగలం కూడా దాటేది కాదు. కానీ పన్నెండు మంచాలూ కదలకుండా ఆ బండిలో పోయేవి. కట్లు విప్పించుకుని ఇంటికి పోయిన వాళ్లు కూడా నెల తరువాత గేటు దగ్గరికి వచ్చి, "బండి యాడికి వచ్చింది?" అని అడిగి పోయేవారు.

అబద్ధాల ఉద్యోగం మాత్రం 1955లో మొదలైంది. సేత్తూరు నుంచి వచ్చిన సంజీవి రాజా అనే పెద్దరైతు ఐదో దినం మంచం మీద ఉన్నాడు. చూడవచ్చిన బంధువు చెవిలో ఒక మాట చెప్పాడు. వాళ్ల పంగాళి, అంటే పాలివాడు, ఆ పొద్దున పోయాడు. చావు తీట్టు తగిలింది, మైల.  సంజీవి రాజా ఇసుకమూటలు రెండూ తనే తీసి పక్కన పెట్టాడు. గోడ పట్టుకుని, కట్లతోనే వెనక బావి దాకా నడిచాడు. బానలో ఉన్న చన్నీళ్లు మూడు చెంబులు తలమీద పోసుకున్నాడు. డాక్టరు కట్టు విప్పి చూశాడు.

"ఏమి చేసినారు మామా ఇది?"

"తీట్టుకు తలకు పోసుకోకుండా పడుకొని ఉంటారా డాక్టర్? మనిషిని కదా."

ఆయన తెలివిలేనివాడు కాడు. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నది సరిగ్గా చేశాడు. కన్ను పోయింది. డాక్టరు మరునాడు చెల్లప్పను పిలిచి, ఇకమీద చావు వార్త గేటు దాటి లోపలికి రాకూడదన్నాడు.

"వచ్చినోళ్ల మొగాన రాసి ఉంటుందా అయ్యా, ఎట్లా కనిపెట్టేది?"

"ఊరంతటికీ కథ చెప్తావే. ఇది చేతకాదా?"

చేతనైంది. కేదం, అంటే చావు కబురు, చెప్పవచ్చినవాడు ఆ ఇంట్లో నీళ్లు ముట్టడు, అది అక్కడి పద్ధతి. చెల్లప్ప గేటు దగ్గర ఒక కుండ, ఒక ఇత్తడి లోటా పెట్టాడు. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, ముందు లోటా చేతికిచ్చేవాడు. తాగితే లోపలికి పంపేవాడు. వద్దంటే వేపచెట్టు కిందికి తీసుకుపోయి, "ఎవరు?" అని అడిగేవాడు. చెప్పించుకుని, తిప్పి పంపేసి, లోపలికి వచ్చి ఆ మంచం పక్కన నిలబడి, "ఇంట్లో అందరూ బాగుండారు. మీరు కదలొద్దు," అనేవాడు. యముడు కూడా తన గేటు దగ్గర నీళ్లు తాగి వెనక్కి పోవాల్సిందేనని టీ కొట్లో గొప్పలు పోయేవాడు. పోయినవాళ్ల కొడుకులు, కూతుళ్లు లోపల గంజి మింగుతూ, బండి కృష్ణన్‌కోవిల్ చేరిందా లేదా అని అడుగుతుండేవారు.

1958లో చెల్లప్ప అక్క మునియమ్మాళ్ ఆ గోడౌన్‌లోకి పేషెంటుగా వచ్చింది. సత్రపట్టిలో ఆమె మొగుడు వీరన్ గుంటమగ్గం మీద కట్టుబట్ట నేసేవాడు. పిల్లలు లేరు. ఆయన నేయడం, ఆమె కండెలు చుట్టడం, ముప్ఫై ఏళ్లుగా అదే కాపురం. రెండు కళ్లకూ పొర కమ్మి, పోగు తెగితే చేత్తో తడిమి వెతికేది. ముందు కుడికన్ను చేశారు. కట్టు కట్టేటప్పుడు బట్ట చెంపకు తగలగానే ఆమె, "ఇది ఆయన నేసిందే," అంది.

"ఎట్లా చెప్తావు అక్కా? ఊరంతా నేసేది ఇదే బట్ట కదా."

"ఆయన ఎడమచేయి కొంచెం సోమరి. అంచు వదులుగా ఉంటుంది. మొగుని నేత తెలియకుండానే ముప్ఫై ఏండ్లు కండె చుట్టినానా?"

మూడో దినం పొద్దున గేటు ముందు ఒక బండి ఆగింది. చెల్లప్ప అలవాటు కొద్దీ మొగం చూడకుండానే లోటా ముంచి చాపాడు.

"ఇంద, నీళ్లు తాగు."

చాపిన లోటాను ఎవరూ అందుకోలేదు. తల ఎత్తితే వీరన్ తమ్ముడు మరియప్పన్. తువ్వాలు నడుముకు కట్టి ఉంది.

"తాగేదానికి రాలేదన్నా."

"ఎవరు?" అన్నాడు చెల్లప్ప. మూడేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అడిగాడో. ఈసారి వేపచెట్టు దాకా కూడా పోలేదు.

"అన్న. మగ్గం గుంటలో కాళ్లు ఉండగానే వెనక్కి వాలినాడు. నేత నాడె చేతిలోనే ఉండాది. మధ్యాన్నానికి ఎత్తాల. వదినను పిలుచుకొని పోతాను, గడ్డి వేసి మెత్తగా పరిచి తెచ్చినాను బండి."

"లేచేదానికి లేదు ఆమె. ఇది మూడో దినం."

"పడుకోబెట్టుకొనే పోతాములే. మొగుని మొగం చూడొద్దా?"

"కట్లు ఉండాయి కదప్పా. ఏమి చూస్తుంది?"

"చేత్తో తడుముతుంది. నోట్లో బియ్యం వేస్తుంది. నీ పెండ్లాం చస్తే ఇట్లే మాట్లాడతావా?"

చెల్లప్ప లోపలికి పోయి డాక్టరుకు చెప్పాడు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఈ నియమం ఊరివాళ్లకు పెట్టినాను. ఈమె నీ తోడబుట్టింది. చెప్తానంటే నేను వచ్చి పక్కన నిలబడతాను. ఏడ్చిందంటే మాత్రం ఆ కన్ను నాది కాదు."

"ఏడవకుండా ఉంటే?"

"మొగుడు చచ్చినాడని విని ఏడవని ఆడమనిషిని చూసినావా నువ్వు?"

చెల్లప్ప చూడలేదు. అక్కకు పిల్లలు లేరు, మొగుడు పోయాడు, కన్ను కూడా పోతే ఆమెకు గంజి పోసేదెవరు? కన్నుంటే కండె చుట్టుకుని బతుకుతుంది. ఇదంతా అతను వరండాలో నిలబడి తనే తేల్చుకున్నాడు. నాలుగు అడుగుల అవతల మంచం మీద ఉన్న మనిషిని అడగాలని తోచలేదు. గేటు దగ్గరికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. మరియప్పన్ బండి తిప్పుకున్నాడు.

"నీ కథలు మా అన్న పాడె దాకా వచ్చినాయి కదరా," అని ఒక్క మాట అని పోయాడు.

చెల్లప్ప వెంట పోలేదు. పోతే తలకు పోసుకోవాలి, తడి తలతో అక్క దగ్గరికి రాలేడు.

"ఎద్దుల గంటలు వినిపించె. ఎవరు వచ్చినారు రా?" అంది మునియమ్మాళ్.

"సత్రపట్టి బట్టమూట అక్కా."

"ఆయన రాలేదా?"

"జ్వరం. తగ్గిపోతుంది. ఇంట్లో అందరూ బాగుండారు. నువ్వు కదలొద్దు."

ఏడో మంచం నుంచి ఎవరో బండి కదిలించమన్నారు. చెల్లప్ప గొంతు సవరించుకుని, శ్రీవిల్లిపుత్తూరు పొలిమేర దగ్గర ఎద్దులను అదిలించాడు. అప్పుడు అక్క మెల్లగా అంది:

"చెల్లప్పా, మీ బావ శ్రీవిల్లిపుత్తూరు దాటినోడు కాదు. పావం, ఆ గుంటలోనే పుట్టి పెరిగినట్లు ఉంటాడు. ఆయనను కూడా ఎక్కించు రా బండిలో."

సత్రపట్టిలో పాడె లేచే వేళకు, ఇక్కడ వీరన్ బండెక్కాడు.

ఆరు దినాలు చెల్లప్ప చచ్చిన బావను కాశీ దారిలో తోలుకుపోయాడు. అక్క ఊరుకుండేది కాదు. "ముందర కూచోడు ఆయన. వెనక కాళ్లు వేలాడేసి కూచుంటాడు, గుంట అలవాటు," అనేది. "చుట్ట తాగుతా ఉండాడా?" అనేది. తాగుతున్నాడని చెబితే, "తగ్గించమను, దగ్గు వస్తుంది," అనేది. కల్లుపట్టి దగ్గర వీరన్ దిగి ఎద్దులకు నీళ్లు తోడాడు. ఇంకోచోట చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కునుకు తీశాడు. చక్రం ఇరుక్కుంటే భుజం పెట్టాడు. మిగతా పదకొండు మంచాలకూ అతను బాగా నచ్చాడు. చెల్లప్ప జీవితంలో అంత నిబ్బరంగా కథ చెప్పింది లేదు. తరువాత బావి దగ్గరికి పోయి, చేద తాడు పట్టుకుని, నీళ్లు తోడకుండా నిలబడేవాడు.

తొమ్మిదో దినం కట్టు విప్పారు. డాక్టరు వేళ్లు చూపించాడు. "ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు?"

ఆమె వేళ్లు చూడలేదు. వెనక నిలబడిన తమ్ముణ్ణి చూస్తోంది. ఆరు దినాల గడ్డం, గుంటలు పడిన కళ్లు. నీళ్ల లోటా చేతిలో ఉంది. ఆమె తాగమన్నా తాగేవాడు కాదు, కేదం మోసుకొచ్చినవాడు ఇప్పుడు తనే.

"ఎవరు?" అంది.

"బావ."

"ఎప్పుడు?"

"మూడో దినం పొద్దున."

"బండెక్కించిన దినం."

"ఆమా."

"నోట్లో బియ్యం ఎవరు వేసినారు?"

"మరియప్పన్ పెండ్లాం."

మునియమ్మాళ్ ఏడవలేదు. విప్పిన కట్టుబట్టను అడిగి తీసుకుని, మడతపెట్టి నడుములో దోపుకుంది. ఇంకా నలభై దినాలు తలమీద నీళ్లు పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"పోసుకోను డాక్టరయ్యా. మీరు చెప్పినట్లే ఉంటాను," అంది. గడప దగ్గర ఆగింది. "అప్పుడు చెప్పి ఉన్నా, కదలకుండానే పడుకొని ఉందును."

ఆ మాట డాక్టరుతో అంది. తమ్ముడితో ఏమీ అనలేదు. ఆ తరువాత తొమ్మిదేళ్లు అనలేదు.

ఆస్పత్రి పెరిగింది. 1961లో గోడౌన్ పక్కన మేడ లేచింది, పన్నెండు మంచాలు అరవై అయ్యాయి. సన్నని కుట్టుదారం వచ్చింది. కొత్తగా చేరిన చిన్న డాక్టరు ఐదో దినానికే కట్టు విప్పేవాడు. దళసరి కళ్లద్దాలు పెట్టుకుని సేత్తూరు బస్సు ఎక్కేవాళ్లను చూస్తే, ఊరంతా ఒకే ముసలాయనకు పుట్టినట్లు ఉండేది. గేటు దగ్గర లోటా మాత్రం మారలేదు. చెల్లప్ప కింద నలుగురు వార్డు మనుషులు చేరారు. వాళ్లకు నేర్పినవాడు అతనే: "గొంతు వణకకూడదు. ముందు జ్వరం అనాల, తరువాత తగ్గిపోతుంది అనాల, ఆ తరువాత అందరూ బాగుండారు అనాల. వరస తప్పితే పట్టేసుకుంటారు."

కాశీబండి కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. ఎద్దులకు గాలికుంటు వచ్చిందనేవాడు.

నెలకోసారి సత్రపట్టి పోయి అక్క గుమ్మంలో కూచునేవాడు. ఆమె మంచికన్ను పోగు మీద పెట్టి కండె చుట్టేది. ఎడమకన్ను తెల్లగా పాలగాజులా అయింది. ఒకసారి పెద్ద డాక్టరు ఆమెను చూసి, "ఇది ముదిరిపోయింది. ఇంకో ఏడు ఆగితే రగులుతుంది, అప్పుడు కన్నే తీసేయాల," అన్నాడు.  చెల్లప్ప బతిమాలాడు, కసిరాడు. ఆమె కండె మార్చుకుంది.

1967లో చెల్లప్పకే పొర కమ్మింది. పెద్ద డాక్టరు, "నేను పాతమనిషిని, నీకు పాత పద్ధతే," అని తనే చేశాడు. కట్లు కట్టి, అటూ ఇటూ ఇసుకమూటలు పెట్టారు. చెల్లప్ప స్వయంగా కుట్టిన మూటలే. ఇన్నేళ్లూ ఇతరుల చెవుల పక్కన పెట్టినవి ఇంత బరువని అతనికి తెలియదు.

మొదటి రెండు దినాలూ పెండ్లాం పాక్కియం వచ్చి గంజి పోసింది. రెండో దినం ఆమె ఒళ్లు కాలుతున్నట్లుంది, చేయి తగిలితే తెలిసింది. మూడో దినం రాలేదు. మంచం పక్కన ఎవరో కూచున్నారు. గంజి వాసన, దానితో పాటు నూలు వాసన.

"ఎవరు?"

"నేనే రా."

తొమ్మిదేళ్ల తరువాత అక్క గొంతు. చెల్లప్పకు కళ్లలో నీళ్లు ఉబికాయి, బలవంతాన ఆపుకున్నాడు.

"పాక్కియం ఏది అక్కా?"

"జ్వరం. తగ్గిపోతుంది. ఇంట్లో అందరూ బాగుండారు. నువ్వు కదలొద్దు."

మాటకు మాట, అదే వరస.  ఆమె పోయాక చెల్లప్ప వార్డు మనిషిని పిలిచాడు.

"ఒరే సౌందరరాజా, నిజం చెప్పు. నా పెండ్లాం ఎట్లా ఉండాది?"

"జ్వరం అన్నా. తగ్గిపోతుంది. అందరూ బాగుండారు."

"నేను నేర్పిందే నాకు చెప్తావా రా?"

"మరి ఏమి చెప్పేది అన్నా, అదే నిజమైతే?"

నర్సును అడిగాడు, డాక్టరును అడిగాడు. అందరూ ఒకే మాట. అరవై మంచాల ఆస్పత్రిలో అతను నమ్మడానికి ఒక్క గొంతు లేదు. అన్నిటినీ తనే తయారుచేశాడు.

నాలుగో దినం అక్క రాగానే, "ముందు కొంచెం నీళ్లు తాగు అక్కా," అన్నాడు. ఆమె లోటా ఎత్తింది. గుటక గుటకా వినిపించేట్లు తాగింది. ప్రాణం లేచి వచ్చింది చెల్లప్పకు. మరుక్షణం గుర్తొచ్చింది, ఈ లోటా సంగతి ఊరంతా గొప్పగా చెప్పుకున్నవాడు తనే. అది తెలిసినవాళ్లు మోసానికి తాగరా?

ఆమె లోటా కింద పెట్టి అంది: "నీ బండి తిరుమంగలం దగ్గరే నిలబడిపోయింది కదా. ఎద్దులు చచ్చిపోతాయి. నేను తోలనా?"

"వద్దక్కా."

"ఎందుకు వద్దు? నీ బావ వెనక కాళ్లు వేలాడేసుకొని ఎదురుచూస్తా ఉండాడు. తిరుమంగలం దాటితే రెండు మైళ్లకు ఒక మండపం. అక్కడ పాక్కియం నిలబడి ఉండాది, మూట చంకలో పెట్టుకొని. ఎక్కించుకుందామా?"

"ఆమెను ఎక్కించొద్దు అక్కా," అన్నాడు చెల్లప్ప.  "నీ కాళ్లు పట్టుకుంటాను. ఎక్కించొద్దు."

"కదలొద్దు రా. కన్ను పోతుంది."

ఆమె ఎక్కించలేదు. బండిని ఆ మండపం దగ్గరే ఆపేసింది. కానీ దినమూ వచ్చి, గంజి పోసి, అవే మాటలు చెప్పి, పాక్కియం ఇంకా మండపం దగ్గరే నిలబడి ఉందని చెప్పి పోయేది. చెల్లప్ప ఇసుకమూటల మధ్య పడి ఉండి, పెండ్లాం నోట్లో బియ్యం ఎవరు వేశారో, ఏ పక్కకు తల పెట్టారో ఊహించుకున్నాడు. రోజుకోసారి ఆమెను చంపుకున్నాడు. ఏడవడానికి లేదు. ఏడవకుండా పడి ఉండడం కుదురుతుందని, ఆరు దినాలూ కుదురుతుందని అప్పుడు తెలిసింది.

కట్టు విప్పగానే కాళ్ల దగ్గర పాక్కియం కనిపించింది. సగానికి సగం చిక్కిపోయింది, జుట్టు రాలింది, కోపంగా ఉంది. "విషజ్వరం. మీ అక్క లేకుంటే గంజి కాచేదానికి దిక్కు లేదు మన ఇంట్లో," అంది. చెల్లప్ప ఆమె చేయి పట్టుకున్నాడు. డాక్టరు, "ఏడవొద్దు, ఏడవొద్దు," అంటున్నాడు.

మునియమ్మాళ్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తెల్లకన్ను ఇటు, మంచికన్ను అటు.

"నేను ఒక్క అబద్ధం చెప్పలేదు రా. నువ్వు నాకు ఆరు దినాలు అబద్ధం చెప్తే నమ్మినాను. నేను నీకు ఆరు దినాలు నిజం చెప్తే నమ్మలేదు. రెండింటిలో ఏది కష్టం?"

 

నెల తరువాత గేటు దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు, చెల్లప్ప డాక్టరు ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ముందే అడిగితే ఏమి? పడుకోబెట్టేముందు. ఇంట్లో ఏదైనా అయితే చెప్పాలా వద్దా అని."

"ఆపరేషన్‌కు వచ్చినవాళ్లను చావు సంగతి అడుగుతావా? మంచం దిగి పారిపోతారు."

"నేను అడుగుతాను. నాకు తిట్లు కొత్త కాదు."

ఎవరూ పారిపోలేదు. మొదటి నెలలో పద్నాలుగు మందిని అడిగితే, పదకొండు మంది చెప్పమన్నారు. తిట్టింది ఒక్కరే, "ఇది అడిగేదానికి ఇన్నేండ్లా?" అని. ఆ పదకొండు అన్న లెక్క తేలాక చెల్లప్ప కుండ దగ్గర కూచున్నాడు. పన్నెండేళ్లలో ఆ లోటాను వద్దన్న చేతులు ఎన్నో అతనికి లెక్క తెలియదు. ఆ ఏడాది చెప్పమన్నవాళ్లలో ఇద్దరికి మంచం మీద ఉండగానే చావు కబురు వచ్చింది. ఒకతను విని, దుప్పటి గుప్పెట పట్టుకుని, మూడు దినాలు అలాగే పడి ఉన్నాడు. కన్ను నిలిచింది. రెండో ఆమె ఆగలేకపోయింది. కన్ను పోయింది. పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, లోటా అడిగి నీళ్లు తాగి, "చెప్పినావు, అది చాలు," అని పోయింది.

ఆ మరుసటి ఏడు ఎడమకన్ను నొప్పి మొదలయ్యాక మునియమ్మాళ్ తనంతట తనే బస్సు దిగి వచ్చింది. చెల్లప్ప గేటు దగ్గరి బల్ల మీద, జవాబులు రాసుకునే నోటుబుక్కు తెరిచాడు. మూడో తరగతి అక్షరాలు, ఒకటి కొండెక్కితే ఒకటి లోయలో పడేవి. పేరు రాశాడు, ఊరు రాశాడు. పెన్ను ఆగింది.

"అడుగు. అందరినీ అడుగుతావంట కదా," అంది ఆమె.

"ఇంట్లో ఏదైనా అయితే చెప్పాలా వద్దా అక్కా?"

"నాకు ఇంట్లో ఎవరుండారు రా చెప్పేదానికి? ఉన్న ఒక్కడినీ అప్పుడే తోలుకొని పోయినావు."

 ఆమె బల్ల మీది లోటా తీసుకుని సగం తాగి, మిగతా సగం అతని ముందు పెట్టింది.

"నువ్వు పోతే మాత్రం చెప్పమని రాసుకో."

చెల్లప్ప ఆ మాటలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసుకున్నాడు.